పాత ఆర్కేడ్ మానిటర్‌లో లోపం ఎక్కడుందో బొమ్మే చెబుతుంది

నాణెం వేసి ఆడే పాత ప్యాక్-మ్యాన్ వీడియో గేమ్ మెషిన్ ఆన్ చేశారనుకుందాం. నాణెం వేస్తే శబ్దం వస్తోంది, స్టార్ట్ నొక్కితే మ్యూజిక్ మోగుతోంది, లోపల ఆట నడుస్తున్నట్టే ఉంది. తెర మీద మాత్రం పైనుంచి కిందకి నిలువుగా ఒక వెలుగు గీత తప్ప ఏమీ లేదు. పాత పిక్చర్ ట్యూబ్ టీవీలు బాగుచేసిన అనుభవం ఉన్నవాళ్లు వెంటనే హారిజాంటల్ సెక్షన్ వైపు చూస్తారు. టీవీలో అడ్డగీత వస్తే వర్టికల్ పోయినట్టు, నిలువు గీత వస్తే హారిజాంటల్ యోక్ (ట్యూబ్ మెడ చుట్టూ ఉండి ఎలక్ట్రాన్ ధారని మళ్లించే కాయిల్) దగ్గర కనెక్షన్ తెగినట్టు అన్నది వాళ్లకి కంఠతా వచ్చిన పాఠం. పాఠం తప్పు కాదు. కానీ ప్యాక్-మ్యాన్ క్యాబినెట్‌లో మానిటర్‌ని 90 డిగ్రీలు తిప్పి బిగించారు. తెర నిలువుగా పొడుగ్గా ఉండటానికి కారణం అదే. టీవీలో అడ్డంగా పడాల్సిన గీత ఇక్కడ నిలువుగా పడుతుంది. చెడిపోయింది వర్టికల్ సెక్షనే.

ఆర్కేడ్ మానిటర్ రిపేరులో టైమ్ వృథా అయ్యేది ఎక్కువగా ఇలాంటి చోటే. పార్టులు దొరక్క ఆగిపోయే మెషిన్లు ఉన్నాయి, నిజమే. అంతకంటే ఎక్కువ మెషిన్లు చూడాల్సిన చోట చూడక ఆగిపోతాయి. 1980లో నామ్కో జపాన్‌లో తెచ్చిన ఈ ఆటని అదే ఏడాది అమెరికాలో మిడ్‌వే తయారుచేసి అమ్మింది. ఆ క్యాబినెట్లలో ఎక్కువగా కనిపించేవి రెండు 19 అంగుళాల కలర్ మానిటర్లు: ఎలక్ట్రోహోమ్ జి07, వెల్స్-గార్డ్‌నర్ కె4600. ఇక్కడి ఉదాహరణలన్నీ వీటి చుట్టూ తిరుగుతాయి. 1980ల్లో వచ్చిన చాలా రాస్టర్ మానిటర్లకి, అంటే వరస గీతలతో బొమ్మ గీసేవాటికి, ఇదే తర్కం పనిచేస్తుంది.

లోపలి సంగతి క్లుప్తంగా. ట్యూబ్ వెనకనుంచి వచ్చే ఎలక్ట్రాన్ ధార తెర మీద ఒక్కో గీతా గీస్తూ పోతుంది. ప్యాక్-మ్యాన్ బోర్డు సెకనుకి 16,000 గీతలు గీయిస్తుంది. 264 గీతలకి ఒక బొమ్మ, అంటే సెకనుకి 60కి కాస్త పైన బొమ్మలు. గీతని పక్కకి లాగేది హారిజాంటల్ సెక్షన్, గీతల్ని ఒకదాని కింద ఒకటి పేర్చేది వర్టికల్ సెక్షన్. రిపేరుకి పనికొచ్చే ముఖ్యమైన విషయం ఏమిటంటే, హారిజాంటల్ సెక్షన్ గీతలు లాగడంతో ఆగదు. మన మెకానిక్‌లు ఎల్ఓటీ అని పిలిచే ట్రాన్స్‌ఫార్మర్‌ని నడిపి, ట్యూబ్‌కి కావాల్సిన వేల వోల్ట్ల ఈహెచ్‌టీని పుట్టించేది కూడా అదే. చాలా చాసిస్‌లలో (ట్యూబ్‌ని నడిపే సర్క్యూట్ బోర్డు, దాని ఫ్రేము) ట్యూబ్ మెడలో వెలిగే హీటర్‌కి కరెంటు కూడా ఎల్ఓటీ నుంచే వస్తుంది. కాబట్టి హారిజాంటల్ పూర్తిగా పోతే గీత కూడా రాదు. మెడలో నారింజ వెలుగు ఉండదు, తెర నల్లగా ఉంటుంది, తెర దగ్గర చెయ్యి పెడితే వెంట్రుకలు లేవవు. వర్టికల్ పోతే మిగతావన్నీ బతికే ఉంటాయి, బొమ్మ మాత్రం ఒక్క గీతగా ముడుచుకుపోతుంది. అలా గీత కనిపించగానే బ్రైట్‌నెస్ తగ్గించేయాలి. వెలుగంతా ఒక్కచోటే పడితే తెర లోపలి ఫాస్ఫర్ పూత కాలి, ఆ గీత జీవితాంతం తెర మీద ఉండిపోతుంది.

మూత తీసే ముందు జాగ్రత్తలు. 19 అంగుళాల కలర్ ట్యూబ్‌లో ఈహెచ్‌టీ 20 వేల వోల్ట్లకి అటూ ఇటూ ఉంటుంది. ట్యూబ్ గాజు తనే ఒక కండెన్సర్ లాంటిది కాబట్టి ప్లగ్ పీకేసిన తర్వాత కూడా ఛార్జ్ నిలిచి ఉంటుంది. మంచి ఇన్సులేషన్ ఉన్న స్క్రూడ్రైవర్‌కి తీగ కట్టి, ఆ తీగ రెండో చివరని ట్యూబ్ చుట్టూ ఉండే ఎర్త్ జడకి తగిలించి, ఆ తర్వాతే ఈహెచ్‌టీ తీగ ట్యూబ్‌కి తగిలే చోట ఉండే రబ్బరు టోపీ కింద మొన పెట్టాలి. తీగని సర్క్యూట్ బోర్డు గ్రౌండ్‌కి కడితే ఆ దెబ్బకి బోర్డులో ఇంకేవో పోతాయి. రెండో చెయ్యి వెనక్కి పెట్టుకోవడం పాత మెకానిక్‌లు నేర్పే అలవాటు, అది మంచి అలవాటు. ఈహెచ్‌టీ గురించి అందరూ హెచ్చరిస్తారు కానీ, చాసిస్ మీదున్న పెద్ద ఫిల్టర్ కండెన్సర్ గురించి చెప్పేవాళ్లు తక్కువ. 120 వోల్ట్ల ఏసీని డీసీ చేస్తే 170 వోల్ట్ల దాకా వస్తుంది. ఆ కండెన్సర్‌లో నిలిచిన ఛార్జ్ ప్రాణాంతకం. ట్యూబ్ మెడ కూడా జాగ్రత్త. మెడ చివర తగిలించి ఉండే చిన్న నెక్ బోర్డుని వంకరగా లాగితే గాజు విరుగుతుంది, లోపలికి గాలి వెళ్తుంది, ఇక ఆ ట్యూబ్ పని అయిపోయినట్టే.

ఇండియాలో ఇంకో చిక్కుంది. జి07 లాంటివి హాట్ చాసిస్ మానిటర్లు, అంటే చాసిస్ గ్రౌండ్ నేరుగా మెయిన్స్‌తో ముడిపడి ఉంటుంది. అందుకే క్యాబినెట్ అడుగున ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు. మానిటర్‌ని బయటికి తీసి టేబుల్ మీద పరీక్షించేటప్పుడు చాలామంది షాపులో దొరికే 230 నుంచి 110 స్టెప్‌డౌన్ తగిలిస్తారు. వాటిలో చాలావరకు ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు. వోల్టేజ్ తగ్గిస్తాయి తప్ప మెయిన్స్ నుంచి విడదీయవు. స్టెప్‌డౌన్ వేరు, ఐసొలేషన్ వేరు. టేబుల్ మీద రెండూ కావాలి.

ఇక అసలు పని. మొదటి ప్రశ్న: తప్పు మానిటర్‌దేనా? ఇది అడక్కుండానే టంకం కాచే కడ్డీ వేడిచేసేవాళ్లు చాలామంది. ఆట బోర్డు బొమ్మని తయారుచేస్తుంది, మానిటర్ దాన్ని చూపిస్తుంది. తెర నిండా అర్థంలేని అక్షరాలు, రంగు గళ్లు స్పష్టంగా, వంకర లేకుండా, నిలకడగా కనిపిస్తున్నాయంటే మానిటర్ తన పని చక్కగా చేస్తున్నట్టే. చెత్తని చెత్తలాగే నిజాయితీగా చూపిస్తోంది. అప్పుడు చూడాల్సింది బోర్డుకి వెళ్లే కరెంటు, ర్యామ్ (RAM), రామ్ (ROM) మెమరీ చిప్పులు. మిడ్‌వే ప్యాక్-మ్యాన్ బోర్డు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి తక్కువ వోల్టేజ్ ఏసీ తీసుకుని, 5 వోల్ట్ల డీసీని తన మీదే తయారుచేసుకుంటుంది. ఆ కరెంటు అంతా అంచు కనెక్టర్ పిన్నుల గుండా వెళ్లాలి. 40 ఏళ్లు పైబడిన ఆ పిన్నులు వేడికి నల్లబడి, పట్టు వదిలేసి ఉండటం మామూలే. ఈ వర్గంలో అందరికీ తెలిసిన ఉదాహరణ ప్యాక్-మ్యాన్ 256వ లెవెల్. అక్కడ తెర కుడి సగం చిందరవందర అయిపోతుంది. అది రిపేరుకి లొంగేది కాదు. లెవెల్ లెక్క పెట్టే 8 బిట్ల సంఖ్య 255 దాటలేక సున్నాకి తిరగడంవల్ల ప్రోగ్రామ్ పళ్ల బొమ్మలు గీస్తూ గీస్తూ తెరని పాడుచేస్తుంది. మానిటర్ అమాయకురాలు.

అదే బొమ్మ వంకర పోతున్నా, కుంచించుకుపోయినా, మసకబారినా, ముడుచుకుపోయినా మానిటర్‌దే తప్పు అనుకోవచ్చు. రెండింటికీ మధ్య ఉండే సందేహాస్పదమైన కేసు రంగులది. ప్యాక్-మ్యాన్ తెర ఇక్కడ పరీక్ష పరికరంలా పనికొస్తుంది, ఎందుకంటే పాత్రలన్నీ ముక్కుసూటి రంగుల్లో ఉంటాయి. పసుపు ప్యాక్-మ్యాన్ అంటే ఎరుపు, ఆకుపచ్చ కలిసి పడుతున్నట్టు. బ్లింకీ అనే దెయ్యం అచ్చమైన ఎరుపు. గోడలు దాదాపు అచ్చమైన నీలం. ప్యాక్-మ్యాన్ ఆకుపచ్చగా మారి, బ్లింకీ ఒళ్లు మాయమై కళ్లు మాత్రం తిరుగుతున్నాయంటే ఎరుపు రావట్లేదు. ప్యాక్-మ్యాన్ ఎర్రగా మారి, ఇంకీ అనే లేత నీలం దెయ్యం ముదురు నీలంగా కనిపిస్తే ఆకుపచ్చ లేదు. గోడలే లేకుండా పాత్రలు శూన్యంలో తిరుగుతుంటే నీలం పోయింది.

ఎరుపు పోయిందని తేలాక అది బోర్డు నుంచి రావట్లేదా, మానిటర్ చూపించట్లేదా అన్నది తేల్చడానికి మీటర్ కూడా అక్కర్లేదు. మెషిన్ ఆపి, మానిటర్ ఇన్‌పుట్ కనెక్టర్ దగ్గర ఎరుపు, ఆకుపచ్చ తీగల్ని తారుమారు చేసి మళ్లీ ఆన్ చేయాలి. బ్లింకీ ఇప్పుడు ఆకుపచ్చగా ప్రత్యక్షమై, తెర మీద ఎక్కడా ఎరుపు లేకపోతే బోర్డు ఎర్ర సిగ్నల్ పంపుతూనే ఉంది, మానిటర్‌లో ఎర్ర దారి మూసుకుపోయింది. అలా కాక ప్యాక్-మ్యాన్ ఎర్రగా మారి బ్లింకీ ఇంకా కనిపించకపోతే సిగ్నల్ బోర్డు నుంచే రావట్లేదు. ప్యాక్-మ్యాన్ బోర్డులో ఎరుపుకి 3, ఆకుపచ్చకి 3, నీలానికి 2 బిట్లు ఉంటాయి. రంగుల పట్టిక ఉండే ప్రామ్ (PROM) చిప్పు నుంచి చిన్న రెసిస్టర్ల గుండా వచ్చి అవే రంగు స్థాయిలవుతాయి. వెతకాల్సింది ఆ దారిలో, లేదా దానికంటే ముందు అంచు కనెక్టర్ పిన్నులో.

తప్పు మానిటర్ వైపే ఉంటే నెక్ బోర్డు మీద మూడు రంగులకి మూడు డ్రైవ్ ట్రాన్సిస్టర్లు ఉంటాయి. ట్యూబ్ సాకెట్ చుట్టూ, ఆ ట్రాన్సిస్టర్ల కాళ్ల దగ్గర డ్రై సోల్డర్ (టంకం పగిలి పట్టు వదలడం) ఏర్పడటం ఈ మానిటర్లలో చాలా తరచుగా కనిపిస్తుంది. ప్లాస్టిక్ పుల్లతో బోర్డు అంచుని నెమ్మదిగా తడితే రంగు వచ్చి పోతుంటే ఇంకేమీ వెతక్కుండా టంకం మళ్లీ పెట్టాలి. రంగు రాకపోవడానికి బదులు తెరంతా ఒకే రంగు వరదలా నిండిపోతే కథ మారుతుంది. ఆ రంగు ట్రాన్సిస్టర్ షార్ట్ అయి ఉండాలి, లేదా ట్యూబ్ లోపల హీటర్‌కీ, ఆ రంగు ఎలక్ట్రాన్లని వదిలే క్యాథోడ్‌కీ షార్ట్ వచ్చి ఉండాలి. మొదటిది సులభంగా పోయే లోపం. రెండోది ట్యూబ్ వయసుని గుర్తు చేసే లోపం. మూడు రంగులూ కలిసి తెర తెల్లగా మండిపోతూ, ఏటవాలు సన్నని గీతలు కనిపిస్తుంటే ముందు స్క్రీన్ ప్రిసెట్ (వెలుగు స్థాయిని సరిచేసే చిన్న మర) ఎక్కువ తిప్పి ఉందేమో చూడాలి. కాకపోతే నెక్ బోర్డుకి రావాల్సిన హై వోల్టేజ్ సరఫరా ఆగిపోయిందేమో కొలవాలి. ఆ సరఫరా పోతే క్యాథోడ్ల వోల్టేజ్ పడిపోయి మూడు రంగుల ఎలక్ట్రాన్ గన్‌లూ పూర్తిగా తెరుచుకుంటాయి. బోర్డు ఎంత మంచి సిగ్నల్ పంపినా ప్రయోజనం ఉండదు.

ఇక్కడ నింటెండో గురించి ఒక మాట. 1981 నాటి డాంకీ కాంగ్ క్యాబినెట్‌లో సాన్యో మానిటర్ ఉండేది, బోర్డు పంపే వీడియో సిగ్నల్ తలకిందులుగా ఉండేది. ఆ బోర్డుని మామూలు మానిటర్‌కి నేరుగా తగిలిస్తే నలుపు తెలుపై, రంగులన్నీ ఫొటో నెగెటివ్‌లా వస్తాయి. ఏదీ చెడిపోలేదు. మధ్యలో సిగ్నల్‌ని తిప్పే చిన్న బోర్డు పెడితే చాలు.

రంగుల విషయంలో బొమ్మ చూసి తేల్చడం సులువు. తెర పూర్తిగా నల్లగా ఉంటే చదవడానికి బొమ్మే ఉండదు, కాబట్టి అప్పుడు మీటర్ పట్టుకోవాలి. అన్నిటికంటే ముందు కొలవాల్సింది బీ ప్లస్, అంటే హారిజాంటల్ సెక్షన్‌ని నడిపే ప్రధాన డీసీ వోల్టేజ్. జి07లో అది 120 వోల్ట్లు ఉండాలి. బొమ్మ నాలుగు వైపులా కుంచించుకుపోతే బీ ప్లస్ తగ్గిందేమో అనుమానించాలి. రెగ్యులేటర్ పాడై అది పెరిగిపోతే ఈహెచ్‌టీ కూడా పెరుగుతుంది, ఎక్స్-రే రక్షణ సర్క్యూట్ ఉన్న చాసిస్ అయితే తనంతట తానే ఆగిపోతుంది. అలా ఆగిపోయిన మానిటర్‌లో రక్షణ సర్క్యూట్‌నే తీసేసి నడపాలని కొందరు సలహా ఇస్తారు. అది చేయకూడని పని.

ఫ్యూజ్ పెట్టగానే పోతుంటే కొత్త ఫ్యూజులు వరసగా పెడుతూ కూర్చోవద్దు. కరెంటు లేకుండా బ్రిడ్జ్ డయోడ్లు, హారిజాంటల్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్ట్ ఉన్నాయేమో మీటర్‌తో చూడాలి. ట్రాన్సిస్టర్ షార్ట్ అయి ఉంటే అది ఎందుకు పోయిందన్నది రెండో ప్రశ్న. ఎల్ఓటీ లోపల షార్ట్ ఉంటే కొత్త ట్రాన్సిస్టర్ కొన్ని సెకన్లలో మళ్లీ పోతుంది. జి07లో ఎల్ఓటీ పగుళ్లిచ్చి పోవడం ఆ మోడల్‌కి బాగా పేరున్న జబ్బు. ట్రాన్సిస్టర్ తీసేసి, దాని స్థానంలో బీ ప్లస్‌కి లోడుగా ఒక బల్బు పెట్టి వోల్టేజ్ కొలిస్తే పవర్ సప్లై బాగుందో లేదో తెలుస్తుంది. అది బాగుంటే అనుమానం ఎల్ఓటీ మీదకీ, దాని చుట్టూ ఉన్న కండెన్సర్ల మీదకీ పోతుంది. మన టీవీ షాపుల్లో వాడే సీరీస్ బల్బు పద్ధతి ఇక్కడా పనికొస్తుంది, రెండు మెలికలతో. బల్బుని స్టెప్‌డౌన్‌కి ముందు 230 వోల్ట్ల వైపు పెట్టాలి, 200 వాట్లది వాడాలి. చిన్న బల్బు పెడితే మంచి మానిటర్ కూడా లేవదు. ట్యూబ్‌కి పట్టిన అయస్కాంతత్వాన్ని పోగొట్టే డీగాసింగ్ కాయిల్ ప్లగ్ తీసేయాలి. లేకపోతే ఆన్ చేసిన క్షణంలో అది లాగే కరెంటుకి బల్బు భగ్గున వెలిగి, లేని షార్ట్‌ని ఉన్నట్టు చూపిస్తుంది.

హీటర్ వోల్టేజ్ కొలిచేటప్పుడు కూడా మీటర్ మోసం చేస్తుంది. 6.3 వోల్ట్లు రావాలని పుస్తకంలో ఉంటుంది. ఎల్ఓటీ నుంచి వచ్చే ఆ కరెంటు 16 కిలోహెర్ట్జ్ పల్సుల రూపంలో ఉంటుంది కాబట్టి మెయిన్స్ ఏసీ కోసం తయారైన మామూలు మల్టీమీటర్ ఇష్టమొచ్చిన అంకె చూపిస్తుంది. మెడలో వెలుగు ఉందా లేదా అని కంటితో చూడటమే నమ్మకం. చెవి కూడా పనికొస్తుంది. హారిజాంటల్ నడుస్తుంటే సన్నని కూత వస్తుంది, అయితే ఆ పౌనఃపున్యం నడివయసు దాటిన చెవులకి వినిపించకపోవచ్చు. ఇంట్లో పిల్లల్ని పిలవడం తేలిక.

ఈ మానిటర్ల విషయంలో ఎవరిని అడిగినా మొదట వచ్చే సలహా కండెన్సర్ కిట్. ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లన్నీ పీకి కొత్తవి వేసేయమంటారు. సలహాలో నిజం ఉంది. ఆ కండెన్సర్లలో ద్రవం ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. బొమ్మ ఒక చివర ముడుచుకుని దాని మీదే మడత పడటం, బొమ్మ అంచులు అలల్లా ఊగడం, బొమ్మ వేడెక్కేదాకా సరిగా రాకపోవడం లాంటివి చాలావరకు వాటి పుణ్యమే. తిప్పి పెట్టిన క్యాబినెట్‌లో ఆ మడత పైనా కిందా కాక పక్కన కనిపిస్తుందని గుర్తుంచుకోవాలి. అయినా లోపం ఏమిటో చూడకుండా కిట్‌తో మొదలుపెట్టడం, జ్వరం ఎందుకొచ్చిందో అడక్కుండా సెలైన్ ఎక్కించినట్టే. పాతిక దాకా కండెన్సర్లు మార్చేటప్పుడు ఒక్కటి ప్లస్ మైనస్ తిరగబడినా, ఒక పల్చటి రాగి దారి లేచిపోయినా, పాత లోపానికి కొత్తది తోడవుతుంది. అప్పుడు తెర మీద కనిపించే లక్షణాల్లో ఏది దేనిదో ఎవరికీ అర్థం కాదు. లోపాన్ని ముందు పట్టుకుని, మానిటర్ నిలకడగా నడిచాక కిట్ వేయడం వివేకం. కె4600 అయితే అంతకంటే ముందే చిన్న బోర్డుల్ని పెద్ద బోర్డుకి కలిపే పిన్నుల దగ్గర టంకం కొత్తగా పెట్టాలి. ఆ ఒక్క పనితో లేచి కూర్చునే కె4600లు తక్కువేం కాదు.

అలల విషయంలో ఇండియాలో ఒక తేడా కనిపిస్తుంది. ఫిల్టర్ కండెన్సర్ బలహీనమైతే మెయిన్స్ అలలు బొమ్మలోకి వస్తాయి. అమెరికాలో మెయిన్స్ 60 హెర్ట్జ్, బొమ్మ కూడా సెకనుకి 60 చిల్లర, కాబట్టి వంకర మెల్లగా తెర మీద పాకుతుంది. అక్కడివాళ్లు రాసిన వర్ణనలన్నీ ఆ మెల్లగా పాకే అలవే. ఇక్కడ మెయిన్స్ 50 హెర్ట్జ్. రెండింటికీ పొత్తు కుదరక అదే లోపం గబగబా వణుకుడులా కనిపిస్తుంది. వణుకుతోంది కదా అని సింక్ (బొమ్మని బోర్డు వేగంతో కలిపి నిలిపే సిగ్నల్) లోపం అనుకుని, బొమ్మని నిలకడగా పట్టే హోల్డ్ ప్రిసెట్లు తిప్పడం మొదలుపెడితే ఉన్న సర్దుబాటు కూడా పోతుంది. నిజమైన సింక్ లోపం వేరేలా ఉంటుంది: బొమ్మ ఆగకుండా దొర్లిపోతుంది, లేదా ఏటవాలు పట్టీలుగా చీలిపోతుంది. రెండూ ఒకేసారి జరుగుతుంటే హోల్డ్ జోలికి పోకుండా ముందు సింక్ తీగ, గ్రౌండ్ తీగ చూడాలి. పైగా ప్యాక్-మ్యాన్ 16 కిలోహెర్ట్జ్ టీవీల ప్రమాణానికి కాస్త ఎక్కువ, అందుకే వేరే ఆటకి సరిచేసిన మానిటర్ తెచ్చి పెడితే హారిజాంటల్ హోల్డ్ కొంచెం తిప్పాల్సి రావచ్చు.

1979 నాటి ఆస్టరాయిడ్స్, 1981 నాటి టెంపెస్ట్ లాంటి వెక్టర్ మెషిన్లకి ఇందులో చాలా భాగం వర్తించదు. వాటిలో వరస గీతలుండవు, ధార నేరుగా ఆకారాలు గీస్తుంది. ఒక్క ముక్క మాత్రం చెప్పుకోవాలి. ధార కదలకపోతే తెర కాలిపోకుండా వెలుగు ఆపేసే స్పాట్ కిల్లర్ అనే సర్క్యూట్ వాటిలో ఉంటుంది. టెంపెస్ట్‌లో వాడిన వెల్స్-గార్డ్‌నర్ 6100లో దీనికి ఒక ఎల్ఈడీ కూడా ఉంది. అది వెలిగితే మానిటర్ చచ్చిపోయిందని తీర్మానించేస్తారు. ఆట బోర్డు నడవక సిగ్నల్ రాకపోయినా అది అలాగే వెలుగుతుంది.

తెర మూలల్లో రంగు మరకలు పడితే అది అయస్కాంతం ప్రభావం. మెషిన్ దిశ మార్చినా, స్పీకర్ దగ్గరగా పెట్టినా వస్తుంది. డీగాసింగ్ కాయిల్ చేత్తో తిప్పితే పోతుంది. పోని మరక ఒకటుంది. వేల గంటలు ఒకే గోడల చిత్రం చూపించిన ప్యాక్-మ్యాన్ ట్యూబ్‌లలో, మెషిన్ ఆపేసినా గోడలు లీలగా కనిపిస్తుంటాయి. అది ఫాస్ఫర్ కాలిన మచ్చ, ఏ సర్క్యూట్ మార్చినా పోదు. అమెరికాలో అభిరుచి ఉన్నవాళ్లు దీనికి పాత టీవీల ట్యూబులు తెచ్చి మార్చుకుంటారు. మన ఊళ్లలో స్క్రాప్ షాపులకి చేరుతున్న పిక్చర్ ట్యూబ్ టీవీలు ఆ పనికి పనికొస్తాయా అంటే, కొన్ని పనికొస్తాయి. మెడ లావు, సాకెట్ పిన్నుల అమరిక, డిఫ్లెక్షన్ కోణం, హీటర్ వోల్టేజ్ సరిపోవాలి. టీవీ యోక్‌ని అలాగే వాడితే దాని కాయిళ్ల విలువలు చాసిస్‌కి నప్పక బొమ్మ వెడల్పు తేడా పడటమో, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ వేడెక్కి పోవడమో జరుగుతుంది. పాత మానిటర్ యోక్‌నే కొత్త ట్యూబ్ మెడకి ఎక్కించి, కన్వర్జెన్స్, అంటే మూడు రంగులూ ఒకేచోట కలిసి పడటం, మొదటినుంచి సరిచేసుకోవడం నయం. దానికి ఒక సాయంత్రం మొత్తం పట్టినా పట్టవచ్చు.